27 అంగుళాల యుటిలిటీలో వాషింగ్ మెషీన్ మీద డ్రయ్యర్ అమర్చవచ్చా?

ప్రశ్న – భవానీపురం వాసి
విజయవాడ భవానీపురంలో ఒక అయిదంతస్తుల అపార్టుమెంటులో చివరి అంతస్తులో ఉంటున్నాము. వంటగది వెనుక యుటిలిటీలో అంట్ల సింకుకూ గోడకూ మధ్య 27 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల లోతు గల చోటు మాత్రమే ఉంది. నేల నుండి అటక అడుగు వరకు 72 అంగుళాలు. పాత టాప్ లోడ్ మెషీన్ తీసివేసి, ఫ్రంట్ లోడ్ మెషీన్ పెట్టి దాని మీద డ్రయ్యర్ అమర్చుకోవాలని ఆలోచన. ఇంట్లో పసిబిడ్డ ఉండడం వలన వానాకాలంలో బట్టలు ఆరక చాలా ఇబ్బంది పడుతున్నాము. దుకాణంలో అడిగితే ‘సరిపోతుందండీ’ అన్నారే గాని, కొలతలు అడిగిన వారు లేరు. కొనే ముందు ఏమేమి చూసుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు – బ్రాడీపేట, గుంటూరు
కొలతల వరకు మీకు చోటు చాలుతుందండీ. ఈ మెషీన్లు సాధారణంగా 60 సెంటీమీటర్ల వెడల్పు, 85 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి కనుక, రెండూ కలిపి 67 అంగుళాలు, మధ్యన బిగించే స్టాకింగ్ కిట్‌కు మరో అంగుళం వేసుకోండి. ఆ కిట్ మీరు కొనే మోడళ్లకు సరిపోయేదే కావాలి. అది లేకుండా ఒకదాని మీద ఒకటి ఊరికే నిలబెట్టడం ప్రమాదం. వెనుక గొట్టాలకు నాలుగు అంగుళాలు వదలవలసి ఉంటుంది గనుక, లోతు విషయంలో మాత్రం మెషీన్ తలుపు ఉబ్బుతో సహా కొలిచి చూడండి.

మా ఇంట్లో కష్టం కొలతల వలన రాలేదు, నేల వాటం వలన వచ్చింది. యుటిలిటీ నేలను నీళ్లు జాలీ వైపు పోయేలా వాటంగా పోస్తారు కదా. దాని మీదనే నిలబెట్టడంతో, నీళ్లు పిండే సమయానికి మెషీన్ కదిలి కదిలి సింకును తాకేది. చివరికి మేస్త్రీని పిలిచి, రసమట్టం పెట్టించి, గట్టి సిమెంటు దిమ్మె పోయించాము. పైన కాస్త ఖాళీ ఉండాలి గనుక మీ దిమ్మె ఎత్తు రెండు అంగుళాలు దాటనివ్వకండి, లేకుంటే అటకతో ఇబ్బంది, అది గుర్తుంచుకోండి. చక్రాల స్టాండు మాత్రం వద్దు. మెషీన్ లోపల కాంక్రీటు బరువు ఉంటుంది కాబట్టే దానిని కింద పెడతారు; అంత బరువు, పైన డ్రయ్యర్ చక్రాల మీద నిలవవు. రవాణా కోసం వెనుక బిగించిన బోల్టులు తీశారో లేదో మీరే దగ్గరుండి చూడండి.

జవాబు – పటమట నుండి
వైరింగు సంగతి ఎవరూ ఎత్తలేదు. నీళ్లు వేడి చేసేటప్పుడు వాషింగ్ మెషీన్ సుమారు 2000 వాట్లు, హీటర్‌తో నడిచే డ్రయ్యర్ 2000 నుండి 2500 వాట్లు తీసుకుంటాయి. రెండూ ఒకేసారి నడిస్తే 19 ఆంపియర్లు దాటవచ్చు, 16 ఆంపియర్ల సాకెట్ ఒక్కటి అందుకు చాలదు. రెండింటికీ వేర్వేరు లైన్లు, వేర్వేరు ఎంసీబీలు (లోడు ఎక్కువైతే కరెంటును ఆపేసే స్విచ్చులు) వేయించండి. సాకెట్లు మెషీన్ వెనుక కాకుండా పక్క గోడకు ఉంటే అవసరమైనప్పుడు చేయి అందుతుంది. హీట్ పంప్ డ్రయ్యర్ (లోపలి గాలి వేడినే తిరిగి వాడుకునే రకం) ధర ఎక్కువే అయినా, సాధారణంగా 1000 వాట్ల లోపే తీసుకుంటుంది, పొగగొట్టం వంటి డక్టూ అక్కరలేదు. అయితే చాలా కంపెనీలు గది వేడి 35 డిగ్రీలు మించకూడదంటాయి; మన బెజవాడ మే నెల మధ్యాహ్నం దానికి పనికిరాదు గనుక తెల్లవారుజామున వేసుకోండి. (ఆ నెలలో దండెం మీద గంటలో ఆరిపోతాయి, అది వేరే సంగతి.) గ్యాస్ సిలిండరు కూడా యుటిలిటీలోనే ఉంటే ముందు దానికి వేరే చోటు చూడండి.

జవాబు – బ్రాడీపేట, గుంటూరు
మరొక మాట. చివరి అంతస్తు అన్నారు కదా, ట్యాంకు మీ నెత్తి మీదే ఉంటుంది. పది మీటర్ల ఎత్తు నీటికి సుమారు 1 బార్ ఒత్తిడి వస్తుంది. మీ కుళాయికి పావు బార్ కూడా దక్కకపోవచ్చు. కనీసం 0.5 బార్ అడిగే మెషీన్ అయితే చిన్న ప్రెషర్ పంపు తప్పదు.

భవానీపురం వాసి
అందరికీ కృతజ్ఞతలు. రసమట్టం పెట్టి చూస్తే ముందుకూ వెనుకకూ అర అంగుళం తేడా ఉంది. సిలిండరు కూడా అక్కడే ఉంది. గుమ్మం 26 అంగుళాలే కావడంతో మెషీన్ లోపలికి రావాలంటే తలుపు రెక్క ఊడదీయవలసి ఉంటుంది. హీట్ పంప్ రకమే తీసుకుందామనుకుంటున్నాము. ముందు మేస్త్రీ, తరువాత ఎలక్ట్రీషియన్, ఆ తరువాతే దుకాణం.