రూమ్మేట్ పరిస్థితి బాలేదు, కాలేజీలో ఎవరికి చెప్పాలి?

తిరుపతిలో పీజీ చదువుతున్నాను, హాస్టల్లో ఉంటాను. మా రూములో అబ్బాయి పది రోజులుగా క్లాసుకు రావట్లేదు. పొద్దున మెస్ నుంచి తెచ్చిపెట్టిన ఇడ్లీలు సాయంత్రానికి పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి, చట్నీ పులిసిపోయి. నిన్న రాత్రి "నేను లేకుంటే ఇంట్లో వాళ్లకి నా ఖర్చయినా తగ్గుతుంది" అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. వార్డెన్‌కి చెబితే ఇంటికి పంపించేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు. ఈ రాత్రి వాడిని ఒంటరిగా వదలొద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడుగు, అడిగితే లేని ఆలోచన పుట్టదు. తర్వాత 14416కి ఫోన్ చెయ్. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాడు మాట్లాడనంటే నువ్వే చెయ్. ఏదైనా చేసుకునేలా ఉన్నాడంటే మాత్రం ఆలోచించకుండా 108కి చేసి రుయా ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లు.

మరో జవాబు: నేను లెక్చరర్‌ని. వార్డెన్‌కి చెప్పు, కానీ "వీడు తేడాగా ఉన్నాడు సార్" అని కాదు, "కౌన్సెలర్‌తో మాట్లాడించాలి" అని అడుగు. ఇదేం బతిమాలుకోవడం కాదు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయి మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది, వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలని. వైద్యం వివరాలు గోప్యంగా ఉంచమనే హక్కు 2017 మానసిక ఆరోగ్య చట్టం ఇచ్చింది, ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం అవసరమైనంత మేరకు చెప్పొచ్చు. ఇంటికి పంపే మాట వస్తే, పంపే ముందు డాక్టరుకు చూపించమని పట్టుబట్టు, ఎందుకంటే ఇల్లే బాధైన పిల్లలు చాలామంది ఉంటారు.

ఇంకొకరు: హాజరు సంగతి నేను చెప్తా, నాకు జరిగింది కాబట్టి. డిప్రెషన్‌తో నెల రోజులు కాలేజీకి పోలేదు. ఆఫీసులో గుమాస్తా "జ్వరమైతే సర్టిఫికెట్ తెస్తావు, దీనికేం తెస్తావు" అన్నాడు పదిమందిలో! ఓపీ చీటీ, మందుల చీటీ జిరాక్సు పెట్టి హాజరు మినహాయింపుకు అర్జీ రాసి, నా కాపీ మీద అందినట్టు సీలు వేయించుకున్నాక గానీ కదలలేదు. అప్పటికీ కదలకపోతే ఫిర్యాదుల పరిష్కార కమిటీకి ఇవ్వండి, 2023 యూజీసీ నిబంధనల ప్రకారం వాళ్లు 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి.

అడిగినవాడు: 14416కి చేశాను అన్నా. ముందు నేను మాట్లాడాను, కాసేపటికి వాడే ఫోన్ అడిగి తీసుకుని వరండాలోకి పోయాడు, నేను గుమ్మంలోనే కూర్చున్నా. పొద్దున రుయా ఓపీకి వస్తానన్నాడు.

జవాబు: ఆధార్ కార్డు పెట్టుకోండి. చీటీ లైనులో నువ్వు నిలబడు, వాడిని పక్కనే కూర్చోబెట్టు. ఒక్కడివే అంతా మోయొద్దు, ఈ రాత్రికి ఇంకో ఫ్రెండుని రూముకి పిలుచుకుని ఇద్దరూ వంతులేసుకుని పడుకోండి.