మంత్రంతో మరిచిపోతే అది రెండోసారి ప్రేమెట్లయితది?

రాచకొండ రాతగాడు:
పదహారు, పదిహేడేండ్ల పిల్లల కోసం నవల రాస్తున్న. రాచకొండ గుట్టల లాంటి రాజ్యం. మంత్రం తెలిసిన అమ్మాయి, కోట కావలి కాసే అబ్బాయి ప్రేమించుకుంటరు. ఒక రాత్రి అతను శత్రువుకు దొంగదారి చూపిస్తడు, ఆమె ఇల్లు కాలిపోతది. ఐదేండ్లకు తిరిగొస్తడు. ఆఖర్ల ఒక మాయల మర్రి ఉంటది, పాలమూరు పిల్లలమర్రిని చూసి రాసుకున్న. దాని ఊడ పట్టుకుని మంత్రం చదివితే ఆ చేదు జ్ఞాపకం పోతది. ఆమె అట్లనే చేస్తది, ఇద్దరూ ఒక్కటైతరు. చదివిన దోస్తులు రెండు జట్లయ్యిండ్రు. ఈ ముగింపు ఉంచాల్నా, తీసెయ్యాల్నా?

దేవరకొండ టీచర్:
తీసెయ్యండి. రెండో అవకాశం ఇచ్చే మనిషికి మొదటిసారి ఏం జరిగిందో తెలిసుండాలె. లేకుంటే ఆమె ఇచ్చిందేముంది?

భారతంలో దుష్యంతునికి శాపం లేదు. అన్నీ గుర్తుండే నిండు సభలో నువ్వెవరో తెలియదంటడు. నన్నయ కూడా అట్లనే చెప్పిండు. శాపం, ఉంగరం కాళిదాసు నాటకంలో వచ్చినవి. దాంతో తప్పు రాజు మీదినుంచి దుర్వాసుని మీదికి పోయింది. నాటకం గొప్పదే, కాదనను. కానీ సభలో నిలబడి సత్యం గురించి రాజుకే చెప్పిన నన్నయ శకుంతలే నా పిల్లలకు కావాలె. మా ఆడపిల్లలు చిన్నప్పటినుంచి వింటున్న మాట ‘అయిందేదో అయింది, మర్చిపో బిడ్డా’. మీ చెట్టు కూడా ఆ మాటే చెప్తే ఎట్ల?

పాలమూరు పోరడు:
మేడమ్, కాళిదాసు దుష్యంతునికి మరుపు శాపంతోటి వచ్చింది. ఇక్కడ అమ్మాయి తన ఇష్టంతోటి మర్చిపోతున్నది. బాధను బతుకంతా మొయ్యమనుడు కూడా జబర్దస్తే కదా? ఇంకో మాట, ఇది మంత్రాల కథ. అసలు టైముకు మంత్రం పనిచెయ్యకపోతే అన్ని పేజీలు ఎందుకు చదవాలె?

సూర్యాపేట చదువరి:
రాచకొండ పేరెత్తిండ్రు కాబట్టి చెప్తున్న. 14వ శతాబ్దం చివర్ల అక్కడినుంచి ఏలిన రేచర్ల పద్మనాయక రాజు సర్వజ్ఞ సింగభూపాలుడు సంస్కృతంలో ‘రసార్ణవసుధాకరం’ అనే నాటకశాస్త్ర గ్రంథం రాసిండు. అందులో ప్రేమికుల ఎడబాటును పూర్వానురాగం (కలవక ముందటి ప్రేమ), మానం (అలక), ప్రవాసం (దూరం పోవుడు), కరుణ (చావు తెచ్చిన ఎడబాటు) అని నాలుగు తీర్లుగా చెప్పి, ఎడబాటును బట్టి కలయిక కూడా మారుతదన్నడు. తప్పు జరిగి అలిగిన తర్వాతి కలయికలో ఆ తప్పు తలపు కలిసే ఉంటది. ఆ గుట్టల మీద కూర్చున్న రాజుకే తెలిసిన సంగతిని మీ మర్రి తుడిచేస్తున్నది.

దేవరకొండ టీచర్:
తమ్ముడూ, ఆమె ఇష్టమే అనుకుందాం. మరి తెల్లారి లేచినంక? ఏం చేసిండో అతనికి తెలుసు, ఆమెకు తెలియదు. ఒక్కరికే గుర్తున్న ప్రేమలో ఆమెకు సమానత్వం ఎక్కడుంది? నాకది భయంగానే ఉంది.

మంత్రం పనిచెయ్యాలె అన్నవు చూడు, ఆ మాట ఒప్పుకుంట. ఊడ అతని చేతికియ్యండి. ఆ రాత్రి మంటల్లో ఆమె చూసిందంతా అతని కండ్ల ముందట ఆడాలె.

పాలమూరు పోరడు:
ఇది బాగుంది మేడమ్! ఊడ అతనే పట్టుకోవాలె. అన్నా, అసలు పిల్లలమర్రి ముచ్చట కూడా తెలుసుకో. చెదలు పట్టి పాడైతుంటే 2018ల సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్క మందు ఎక్కించిండ్రు. ఒక్క రాత్రిల అయిన పని కాదు. నీ కథల కూడా చెట్టు కాడికి మల్ల మల్ల రానియ్యి. వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటి చూడనియ్యి.

రాచకొండ రాతగాడు:
అయితే ఆఖరి మూడు అధ్యాయాలు మల్ల రాయాలె, రాస్త. కానీ అతను అన్నీ చూసి, ఏడ్చి, చెయ్యి చాపినంక ఆమె వద్దంటే?

దేవరకొండ టీచర్:
వద్దనే వీలుండాలె. ఆమె ఏమంటదో ఆఖరి పేజీ దాకా మాకు తెలియకుండ రాయండి. అప్పుడు అవునన్నా దానికి విలువుంటది.

పాలమూరు పోరడు:
వద్దంటే నేను ఒప్పుకోను మేడమ్. ఐదేండ్లు అతను ఏం చేసిండో కూడా రాయి అన్నా. ఆ కాలిపోయిన ఇల్లు అతని చేతులతోటే మల్ల కట్టించు. కట్టినంక కూడా కలపకపోతే అది వేరే కథ.