గాయపడినవాడా, ఆడుతూనే ముంచినవాడా? 2024 ఫ్యాంటసీ ఫుట్‌బాల్‌లో అత్యంత నిరాశపరిచిన ఆటగాడు ఎవరు?

ప్లేనో పడమర (చర్చ ప్రారంభం)

డల్లాస్ పరిసరాల్లో ఉండే పన్నెండు మంది తెలుగువాళ్లం కలిసి ఆడే మా లీగ్‌లో సీజన్ ముగిశాక ఏటా ఒక బిరుదు ప్రకటిస్తాం. దాని పేరు "నమ్మించి ముంచినవాడు". 2024 సీజన్‌కు ఓట్లు ఆరుకు ఆరుగా చీలిపోయాయి. సగం మంది శాన్‌ఫ్రాన్సిస్కో రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తేవాడు) క్రిస్టియన్ మెకాఫ్రీ అన్నారు, మిగతా సగం మయామీ రిసీవర్ (విసిరిన బంతిని అందుకునేవాడు) టైరీక్ హిల్ అన్నారు. అసలు తగాదా ఈ ఇద్దరి మధ్య కాదనీ, గాయపడి ఆడలేకపోయిన మనిషిని నిరాశపరిచినవాళ్ల జాబితాలో చేర్చవచ్చా లేదా అన్నదేననీ నాకు అనిపిస్తోంది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఈ ఆటకు కొత్తవారి కోసం ఒక మాట. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను సీజన్‌కు ముందు వంతులవారీగా ఎంచుకుంటాం, దాన్నే డ్రాఫ్ట్ అంటాం. ప్రతి వారం వాళ్లలో కొందరిని దింపి మిగతావాళ్లను బెంచి మీద ఉంచుతాం; దింపినవాళ్లు అసలు ఆటల్లో చేసినదాన్ని బట్టి మనకు పాయింట్లు వస్తాయి. అందుకున్న ప్రతి బంతికీ ఒక పాయింటు, ప్రతి పది గజాలకూ ఒక పాయింటు, టచ్‌డౌన్‌కు (బంతిని ప్రత్యర్థి గీత దాటిస్తే) ఆరు పాయింట్లు మా లెక్క.

నాలుగో డౌన్

ఇందులో చర్చకు తావు ఎక్కడుందో నాకు అర్థం కావడం లేదు. మెకాఫ్రీ 2023లో పరుగులోనే 1,459 గజాలు సాధించి, మొత్తం 21 టచ్‌డౌన్లు చేసి, ఆ ఏడాది ఉత్తమ అటాకింగ్ ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. మన లెక్కలో అది 390 పాయింట్ల పైమాటే. అందుకే 2024 ఆగస్టులో దాదాపు ప్రతి లీగ్‌లోనూ మొదటి వంతు వచ్చినవాళ్లు కళ్లు మూసుకుని అతని పేరే చెప్పారు. తీరా చూస్తే అతను ఆడినవి నాలుగు ఆటలు, పరుగులో వచ్చినవి 202 గజాలు, టచ్‌డౌన్లు సున్నా.

మొదటి వారం జరిగినదైతే ఇంకా ఘోరం. సెప్టెంబర్ 9న న్యూయార్క్ జెట్స్‌తో ఆట సోమవారం రాత్రిది, అంటే ఆ వారానికి చివరిది. ఆడతాడో లేదో సందేహమే అన్నారు గానీ ఆడతాడనే అందరూ నమ్మారు. ఆట మొదలవడానికి కాస్త ముందు అతను ఆడటం లేదని తెలిసేసరికి మిగతా జట్ల ఆటలన్నీ అయిపోయాయి, బెంచి మీద ఎవరున్నా పనికిరాలేదు. ఆ రాత్రి అతని స్థానంలో దిగిన జోర్డన్ మేసన్ 147 గజాలు పరుగెత్తాడు. ముందుచూపుతో మేసన్‌ను కూడా తీసుకున్నవాళ్లు బతికిపోయారు, మిగతావాళ్లకు ఆ చోట సున్నా పడింది.

నవంబర్ 10న టాంపా బేపై తిరిగొచ్చాడు. ప్రాణం లేచొచ్చింది అనుకున్నంతలో డిసెంబర్ 1న బఫెలోలో, మంచు కురుస్తుండగా, మోకాలు దెబ్బతిని సీజనే ముగిసిపోయింది. విస్తరి వేసి, రెండు మెతుకులు వడ్డించి, లేవమన్నట్టు అయింది.

రెండో వంతు

నాలుగో డౌన్ గారు చెప్పినవన్నీ నిజాలే. అయితే అవి దురదృష్టానికి సాక్ష్యాలు, నిరాశకు కావు. గాయపడ్డ ఆటగాడి విషయంలో మనం చేయాల్సింది స్పష్టంగా ఉంటుంది: గాయపడినవారి కోసం ఉంచిన ప్రత్యేక స్థానంలోకి అతన్ని పంపి, ఖాళీ అయిన చోట ఇంకొకరిని తెచ్చుకుంటాం. బాధ ఒక్కరోజుతో తీరిపోతుంది.

హిల్ సంగతి అలాంటిది కాదు. 2023లో 119 బంతులు, 1,799 గజాలు, 13 టచ్‌డౌన్లు. 2024లో 81 బంతులు, 959 గజాలు, 6 టచ్‌డౌన్లు. రిసీవర్‌గా మాత్రమే లెక్కించినా ఆటకు 23 పాయింట్లు దాటిన సగటు పన్నెండున్నరకు పడిపోయింది. అతను ఒక్క ఆట కూడా తప్పిపోలేదు, పదిహేడింటికి పదిహేడూ ఆడాడు, అదే అసలు విషాదం. మొదటి వారం జాక్సన్‌విల్‌పై 130 గజాలు తెచ్చి "నేనున్నాను" అన్నాడు. తర్వాత సియాటిల్‌పై 40 గజాలు, టెనెసీపై 23, ఇండియానాపొలిస్‌పై 8. ఎనిమిదంటే ఎనిమిదే. అయినా అతన్ని బెంచి మీద కూర్చోబెట్టే ధైర్యం ఎవరికుంటుంది? కూర్చోబెట్టిన రోజే 80 గజాల టచ్‌డౌన్ కొడతాడని భయం.

నా సొంత అనుభవం చెబుతాను. 14వ వారం జెట్స్‌పై పది బంతులు అందుకుని 115 గజాలు, ఒక టచ్‌డౌన్ తెచ్చాడు. ఇక దారిలో పడ్డాడని నమ్మి, మరుసటి వారం మా లీగ్ నాకౌట్ పోటీలో, అప్పటికి నిలకడగా పాయింట్లు తెస్తున్న ఇంకో రిసీవర్‌ను పక్కన పెట్టి హిల్‌ను దింపాను. హ్యూస్టన్‌పై అతను అందుకున్నవి రెండు బంతులు. నేను ఇంటిముఖం పట్టాను. మెకాఫ్రీని ఎంచుకున్నవాళ్లెవరూ డిసెంబర్‌లో ఇలాంటి పరీక్ష రాయలేదు.

ఎండకాసిన అరిజోనా

మార్విన్ హారిసన్ జూనియర్ పేరు ఒక్కరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. తండ్రి హాల్ ఆఫ్ ఫేమ్ ఆటగాడు, కొడుకును కొత్త ఆటగాళ్ల ఎంపికలో అరిజోనా జట్టు నాలుగో స్థానంలో తీసుకుంది, మన ఆటలో, మనవాళ్లు రెండో రౌండు దాటకుండా తీసుకున్నారు. మొదటి ఆటలో ఒకే బంతి, నాలుగు గజాలు. రెండో ఆటలో 130 గజాలు, రెండు టచ్‌డౌన్లు. సీజన్ మొత్తానికి 885 గజాలు. వాతావరణ శాఖ కూడా ఇంతకంటే నమ్మకంగా చెబుతుంది.

ప్లేనో పడమర

హారిసన్ తొలి ఏడాది కుర్రాడు, పైగా 8 టచ్‌డౌన్లు చేశాడు. మనం ఎక్కువ ఆశించడం అతని తప్పు కాదని నా అభిప్రాయం. తిరిగి అసలు విషయానికి వద్దాం.

నాలుగో డౌన్

రెండో వంతు గారి బాధ నాకు అర్థమైంది. కానీ ఒక ఆటగాడి వల్ల జరిగిన నష్టాన్ని అతను తెచ్చిన పాయింట్లతో మాత్రమే కొలిస్తే సరిపోదు, అతని కోసం మనం ఏం వదులుకున్నామో కూడా చూడాలి. పన్నెండు మంది లీగ్‌లో మొదటి వంతువాడికి మళ్లీ అవకాశం వచ్చేది 24వ ఎంపికకే, ఎందుకంటే రెండో రౌండులో వరుస వెనక్కి తిరుగుతుంది. ఆ మొదటి ఎంపికతో అతను జమార్ చేజ్‌ను తీసుకుని ఉండవచ్చు: 127 బంతులు, 1,708 గజాలు, 17 టచ్‌డౌన్లు, ఈ మూడింటిలోనూ రిసీవర్లలో మొదటి స్థానం. సేక్వాన్ బార్క్లీని తీసుకుని ఉండవచ్చు: పరుగులో 2,005 గజాలు. హిల్ సగం పాయింట్లే తెచ్చాడంటున్నారు, కనీసం ఆ సగమైనా తెచ్చాడు కదా.

ఇంకొకటి. హిల్ పడిపోవడానికి సగం కారణం హిల్ కానే కాదు. రెండో వారంలోనే క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా తలకు దెబ్బ తగిలి నాలుగు ఆటలకు దూరమయ్యాడు. బంతి విసిరేవాడే లేనప్పుడు పట్టుకునేవాడు ఏం చేస్తాడు?

రెండో వంతు

ఆ కారణం పూర్తిగా నిలవదు. అదే జట్టులో, అదే క్వార్టర్‌బ్యాక్‌లతో, టైట్ ఎండ్ (బంతి అందుకోవడంతో పాటు ప్రత్యర్థులను అడ్డుకునేవాడు) జానూ స్మిత్ 88 బంతులు అందుకుని 884 గజాలు, 8 టచ్‌డౌన్లు సాధించాడు. అంటే బంతుల్లోనూ టచ్‌డౌన్లలోనూ హిల్ కంటే ఎక్కువ. పైగా డ్రాఫ్ట్‌లో అతని పేరు పలికినవాళ్లే అరుదు. ప్రత్యర్థులు దూరపు బంతుల దారులన్నీ మూసి హిల్‌ను కాపలా కాస్తే, దగ్గరి బంతులు స్మిత్‌కు వెళ్లాయి.

కొత్తగా చేరాను

చిన్న సందేహం అడగవచ్చా? కాన్సాస్ సిటీ టైట్ ఎండ్ ట్రావిస్ కెల్సీ మూడే టచ్‌డౌన్లు చేశాడు కదా, అతన్ని ఎందుకు లెక్కలోకి తీసుకోవడం లేదు?

లెక్కల పుస్తకం

కొత్తగా చేరిన వారికి జవాబు: కెల్సీ 97 బంతులు అందుకున్నాడు, కాబట్టి మన పద్ధతిలో అతని పాయింట్లు అంతకుముందు ఏడాదితో పోలిస్తే పెద్దగా తగ్గలేదు. వయసు మీద పడుతోందని అందరికీ తెలిసే తీసుకున్నారు.

ఇక అసలు వాదనలో రెండు వైపులవారూ వదిలేసిన విషయం ఒకటుంది. చిల్లర కూడికలు, కోతలు పక్కన పెడితే, ఆడిన ఆటకు సగటు మెకాఫ్రీదీ హిల్‌దీ దాదాపు ఒకటే, పన్నెండున్నర దగ్గర. కాబట్టి ఆట తీరును బట్టి ఇద్దరినీ వేరు చేయలేం. వేరు చేసేది, ఎంచుకున్న రోజున మనకు ఏం తెలుసు అన్నది. మెకాఫ్రీ పిక్క నొప్పితో ఆగస్టు మొదటి నుంచీ సాధనకు దూరంగా ఉన్నాడు. ఆ వార్త అందరూ చదివారు, చదివీ మొదటి వంతులో అతన్నే తీసుకున్నారు. అది జూదమని తెలిసి ఆడిన జూదం. హిల్ కూడా ఆగస్టులోనే, వాషింగ్టన్‌తో ఉమ్మడి సాధనలో మణికట్టుకు దెబ్బ తగిలించుకున్నాడు, కానీ ఆ సంగతి సీజన్ నడుస్తుండగా గానీ మనదాకా రాలేదు. సీజన్ అయ్యాక శస్త్రచికిత్స చేయించుకోవాల్సినంత దెబ్బతో పదిహేడు ఆటలు ఆడిన మనిషిని నేను తప్పుపట్టను. కానీ మన బిరుదు మనిషికి కాదు, అతని మీద మనం పెట్టుకున్న నమ్మకానికి. హెచ్చరిక లేకుండా విరిగిన నమ్మకం హిల్‌ది.

నాలుగో డౌన్

ఆగస్టు వార్త సంగతి ఒప్పుకుంటాను. అయితే అప్పట్లో జట్టు ఆ నొప్పిని చిన్నదిగానే చూపింది, మొదటి ఆటకు సిద్ధమవుతాడనే మాటే వినిపించింది. దాన్ని పూర్తి హెచ్చరిక అనడం న్యాయం కాదు.

ప్లేనో పడమర

లెక్కల పుస్తకం గారి మాటను మావాళ్ల ముందు పెట్టాను. ఒక ఓటు మారింది, ఏడుకు ఐదుగా బిరుదు హిల్‌కు వెళ్లింది. ఆ మారిన ఓటు నాదే. మొదటి వంతులో మెకాఫ్రీని తీసుకున్నది నేనేనని ఇప్పటిదాకా చెప్పలేదు. పిక్క నొప్పి వార్త డ్రాఫ్ట్ రోజు పొద్దున్నే చదివాను. నాలుగో డౌన్ గారి అసమ్మతిని మా లీగ్ పుస్తకంలో హిల్ పేరు కిందనే రాసి ఉంచుతాను.