అమెరికాలో అన్నిటికన్నా తూర్పున ఉన్న రాష్ట్రం: మెయినా, అలాస్కానా?

ఆరో తరగతి నాన్న

విషయం చిన్నదే గానీ నాలుగు రోజులుగా మా ఇంట్లో ఇదే నలుగుతోంది. శనివారం మా ఊరి తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల్లో పిల్లలకి క్విజ్ పెట్టారు. ‘అమెరికాలో అన్నిటికన్నా తూర్పున ఉన్న రాష్ట్రం ఏది?’ అని అడిగితే మా అమ్మాయి టక్కున అలాస్కా అంది. హాల్లో అందరూ నవ్వారు. జవాబు మెయిన్ అని చెప్పి మార్కు అవతలి జట్టుకి ఇచ్చేశారు, చివరికి ఆ ఒక్క మార్కుతోనే మా పిల్లల జట్టు ఓడిపోయింది. ఇంటికొచ్చేదాకా కారులో ఒక్క మాట లేదు, రాగానే అట్లాస్ తీసి నా ముందు పెట్టింది.

పిల్ల చెప్పేది ఇదీ. అలాస్కా నుంచి అల్యూషియన్ దీవులు పడమరకి తోకలా సాగి సాగి 180 డిగ్రీల రేఖాంశాన్ని దాటేస్తాయి. దాటాక అవతల ఉండేది తూర్పు రేఖాంశమే కదా. అక్కడ సెమిసోపోచ్నోయ్ అనే దీవి 179 డిగ్రీల 46 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఉంది. అమెరికాలో ఇంతకన్నా పెద్ద తూర్పు అంకె ఇంకెక్కడా లేదు. మెయిన్ కొస చూస్తే దాదాపు 67 డిగ్రీల పడమర. మరి తప్పెవరిది? నిర్వాహకులకి ఫోన్ చేసి అడగాలా, వదిలేయాలా?

డాలస్ బాబాయ్

వదిలెయ్ తమ్ముడూ. సంఘంతో గొడవ పెట్టుకుంటే వచ్చే ఏడాది నిన్ను పార్కింగ్ దగ్గర టార్చిలైటు ఇచ్చి నిలబెడతారు. కానీ అమ్మాయి చెప్పింది కరెక్టే అనిపిస్తోంది.

పటాల పిచ్చి

పాప తెలివికి దండం, కానీ జవాబు మెయినే. రేఖాంశం అంకె వేరు, దిక్కు వేరు. 1884లో వాషింగ్టన్‌లో కొన్ని దేశాల వాళ్ళు కూర్చుని గ్రీనిచ్ సున్నా అనుకుందాం, అక్కడినుంచి రెండు వైపులా 180 దాకా లెక్కపెడదాం అని తీర్మానం చేసుకున్నారు. అంటే ఆ తూర్పు ఇంగ్లండుకి తూర్పు. అమెరికాకి కాదు.

ఆ ఓటింగుకి ఫ్రాన్స్ దూరంగా ఉండిపోయింది, వాళ్ళ మనసు పారిస్ మీద ఉంది మరి. ఒకవేళ వాళ్ళ మాటే నెగ్గి సున్నా పారిస్‌కి జరిగి ఉంటే అవతలి 180 గీత కూడా రెండు డిగ్రీలకి పైగా జరిగేది, అప్పుడు మీ ‘తూర్పు కొస’ ఆ దీవిని వదిలి ఇంకో దీవికి పోయేది. దీవి ఒక్క అంగుళం కదల్లేదు, ఎక్కడో యూరప్‌లో గీత కదిలితే అమెరికా తూర్పు కదులుతుందా?

ఇంకోటి. రష్యా తూర్పు కొస కూడా ఇలాగే 180 దాటి వస్తుంది. బేరింగ్ జలసంధిలో ఉన్న రత్మనోవ్ దీవిని రష్యా వాళ్ళు తమ దేశానికి తూర్పు కొస అంటారు. దాని రేఖాంశం 169 డిగ్రీల పడమర! మీ లెక్క ప్రకారం అది రష్యాకి పడమటి కొస అవ్వాలి. ఏ రష్యన్ టీచర్ ముందైనా ఆ మాట అని చూడండి.

కరీంనగర్ పిలగాడు

పటాల అన్నా, నువ్వు చెప్పేది వినడానికి బాగుంది కానీ క్విజ్‌లో ఆ ఫిలాసఫీ నడవదు. తూర్పు అర్ధగోళం అంటే ఏంటో మన సోషల్ పుస్తకంలోనే రాసి ఉంది. ఆ దీవి తూర్పు అర్ధగోళంలో ఉందా లేదా? ఉంది. మెయిన్ ఉందా? లేదు. అయిపోయింది. గ్రీనిచ్ నుంచి లెక్కపెట్టడం నచ్చకపోతే టైము కూడా చూసుకోకు మరి, అదీ అక్కడి లెక్కే.

అసలు మజా ఏంటంటే పడమటి కొస కూడా అలాస్కాదే. అమాటిగ్నాక్ అని ఇంకో దీవి, 179 డిగ్రీల 8 నిమిషాల పడమర. ఆ రెండు దీవుల మధ్య దూరం దాదాపు 110 కిలోమీటర్లు. ఉత్తరం కొస ఎలాగూ అలాస్కాదే, ఒక్క దక్షిణం హవాయికి వదిలిపెట్టింది పాపం.

పటాల పిచ్చి

నువ్వే ఒప్పుకున్నావు చూడు. అమాటిగ్నాక్ నుంచి నీ ‘తూర్పు కొస’కి పోవాలంటే పడవని వాయవ్యానికి తిప్పాలి. తూర్పుకి పోవడానికి పడమర వైపు నడిపించే శాస్త్రం ఎక్కడుందయ్యా?

బే ఏరియా బాటసారి

ఎక్కడుందా? మా ఊళ్ళో ఉంది. బర్క్‌లీ పక్కనుంచి సముద్రపు ఒడ్డునే పోయే ఫ్రీవే మీద కొంతదూరం రెండు హైవేలు కలిసి నడుస్తాయి. ఒకే రోడ్డు, ఒకే వైపు, కానీ బోర్డు మీద 80 ఈస్ట్ అనీ 580 వెస్ట్ అనీ పక్కపక్కనే ఉంటుంది. నిజానికి కారు పోయేది ఉత్తరానికి! నేను వచ్చిన కొత్తలో ఫ్రెండ్ ఫోన్‌లో ‘ఈస్ట్ పట్టుకో’ అన్నాడు, బోర్డు మీద వెస్ట్ కనబడింది, కంగారుపడి పక్క ఎగ్జిట్‌లో దిగిపోయి అరగంట ఎక్కడెక్కడో తిరిగాను. మళ్ళీ ఎక్కింది అదే రోడ్డు.

ఇందులో తిరకాసు ఏంటంటే ఇంటర్‌స్టేట్ హైవేకి దిక్కు మొత్తం రోడ్డుని చూసి పెడతారు, నువ్వు ఉన్న ముక్కని చూసి కాదు. సరి సంఖ్య అయితే తూర్పు పడమర, బేసి అయితే ఉత్తర దక్షిణం. 80 ఎక్కడో న్యూజెర్సీ దాకా పోతుంది కాబట్టి అది ఈస్టే. వర్జీనియాలో విత్‌విల్ దగ్గర అయితే 77 నార్త్, 81 సౌత్ ఒకే రోడ్డు మీద నడుస్తాయి, నార్త్ సౌత్ రెండూ ఒకేసారి.

నా ఓటు అలాస్కాకి. ఈ దేశంలో దిక్కు అంటే బోర్డు మీద రాసిందే.

డాలస్ బాబాయ్

మా దగ్గర ఇంకో గోల. 35 వచ్చి రెండుగా చీలుతుంది, డాలస్ మీదుగా పోయేది 35ఈ, ఫోర్ట్‌వర్త్ మీదుగా పోయేది 35డబ్ల్యూ, డెంటన్ దగ్గర మళ్ళీ కలుస్తాయి. కాబట్టి ‘35డబ్ల్యూ నార్త్’ అని బోర్డు ఉంటుంది. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు ‘ఇది పడమరా ఉత్తరమా, ఏదో ఒకటి తేల్చుకోండి బాబూ’ అన్నారు.

కరీంనగర్ పిలగాడు

బాటసారి అన్నా, మీ దగ్గర 238 కూడా ఉంది కదా? మూడంకెల హైవే నంబర్ చివరి రెండంకెలు అసలు హైవేవి అయ్యుండాలి. 38 అనే ఇంటర్‌స్టేటే దేశంలో లేదు, ఈ 238 ఎవరి సంతానం?

బే ఏరియా బాటసారి

అనాథ పిల్ల అది. 80కి పుట్టాల్సిన నంబర్లు కాలిఫోర్నియాలో అన్నీ వాడేశారు, అక్కడ అప్పటికే 238 అని స్టేట్ రోడ్డు ఉంది కాబట్టి అదే నంబర్ తగిలించేశారు. కానీ పెన్సిల్వేనియా 99 ముందు ఇది ఎంత! రూలు ప్రకారం బేసి నంబర్లు పడమర నుంచి తూర్పుకి పోయేకొద్దీ పెరగాలి. 99 అంటే అట్లాంటిక్ ఒడ్డున ఉండాలి. అది 81కి పడమరన కొండల్లో ఉంది. బడ్ షూస్టర్ అనే కాంగ్రెస్ సభ్యుడు చట్టంలోనే ఆ నంబర్ రాయించుకున్నాడు, ఇంక ఇంజనీర్లు ఏం చేస్తారు.

కొవ్వూరు కోడలు

అన్నయ్యలూ, రోడ్లెక్కి ఎటో పోతున్నారు. దిక్కు పేరుకీ దిక్కుకీ సంబంధం ఉండాలంటే ముందు మా ఊరి సంగతి చెప్పండి. కొవ్వూరు గోదావరికి పడమటి గట్టున ఉంది. 2022లో జిల్లాలు మార్చినప్పుడు మమ్మల్ని తూర్పు గోదావరి జిల్లాలో కలిపారు. ఆఫీసు కాగితాల్లో మేము తూర్పు, స్నానానికి దిగేది పడమటి రేవు.

మెయిన్‌లో కూడా అదే కథ. అక్కడ ల్యూబెక్ అనే ఊరి దగ్గర ఎరుపు తెలుపు చారల లైట్‌హౌస్ ఒకటి ఉంది, అలాస్కా, హవాయి తీసేస్తే మిగతా 48 రాష్ట్రాల్లో తూర్పు కొస అదే. దాని పేరేంటో తెలుసా? వెస్ట్ క్వాడీ హెడ్! ఈస్ట్ క్వాడీ హెడ్ ఎదురుగా కెనడా దీవిలో ఉంది మరి. మేము మొన్న వేసవిలో వెళ్ళాం, ‘తూర్పు కొస’ అని రాసిన రాయి దగ్గర ఫొటో దిగుతుంటే మా వాడు ‘మరి వెస్ట్ అని ఎందుకు రాశారమ్మా’ అని ఒకటే నస.

నేను మాత్రం మెయిన్ అనే అంటాను. అంతదూరం కారు నడుపుకుంటూ వెళ్ళి వచ్చాక ఇంకో మాట అనలేను.

పటాల పిచ్చి

చెల్లెమ్మ మాటతో నాకు బలం వచ్చింది. ఇంకొక్క రుజువు చెప్పి ఊరుకుంటాను. అంతర్జాతీయ దినరేఖ 180 మీద నిటారుగా పోదు, అల్యూషియన్ల దగ్గర పడమరకి వంగి ఆ దీవులన్నిటినీ అమెరికా వైపే ఉంచుతుంది. 173 డిగ్రీల తూర్పున ఉన్న అట్టు దీవిలో కూడా అమెరికా తేదీయే నడుస్తుంది. ఇదేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1867లో రష్యా 72 లక్షల డాలర్లకి అలాస్కాని అమ్మేదాకా అక్కడ ఆసియా తేదీ, పైగా అప్పటికి మన క్యాలెండర్‌కి 12 రోజులు వెనక నడుస్తున్న పాత జూలియన్ క్యాలెండర్. అప్పగించిన రోజున రెండూ ఒకేసారి మార్చారు. అక్టోబర్ 6 శుక్రవారం పోయి తెల్లారితే అక్టోబర్ 18, అదీ శుక్రవారమే! వరసగా రెండు శుక్రవారాలు.

అంటే ఆసియాకి తూర్పు చివరగా ఉన్న భూమిని అమెరికాకి పడమటి చివరగా మార్చింది ఆ కొనుగోలే. మళ్ళీ దాన్ని తూర్పు అంటే ఎలా?

కరీంనగర్ పిలగాడు

రెండు శుక్రవారాల సంగతి తెలియదు, సూపర్. అయినా నా ఓటు మారదు. ప్రశ్నలో తేదీ అడగలేదు.

ఇంకో మాట, ఆ సెమిసోపోచ్నోయ్ పేరుకి రష్యన్‌లో అర్థం ఏడు కొండలున్నది అని. మనుషులెవరూ ఉండని అగ్నిపర్వతాల దీవి. తెలుగు సంఘం వాళ్ళు ఏడుకొండల పేరున్న జవాబుని కొట్టేశారంటే ఇంక నేనేం మాట్లాడను.

డాలస్ బాబాయ్

గోవిందా గోవింద! ఇప్పుడు నేనూ అలాస్కానే.

కొవ్వూరు కోడలు

ప్రశ్నలో రాష్ట్రం అని అడిగారు కాబట్టి సరిపోయింది. ‘అమెరికాలో తూర్పు కొస’ అని ఊరికే అడిగి ఉంటే మెయిన్ కూడా తప్పే. కరీబియన్‌లో వర్జిన్ దీవుల్లో కొన్ని, రాష్ట్రం కాకపోయినా, అమెరికావే, అక్కడ సెయింట్ క్రాయ్‌లో ఉన్న పాయింట్ యుడాల్ మెయిన్‌కన్నా తూర్పున ఉంది. పడమటి చివర గువామ్‌లో ఉన్న కొస పేరు కూడా పాయింట్ యుడాలే! ఒకటి అన్న స్టూవర్ట్ పేరు, ఇంకోటి తమ్ముడు మో పేరు, ఇద్దరూ ఆరిజోనా నాయకులు. ఈ చివరా ఆ చివరా ఒకే ఇంటిపేరు, మన ఊళ్ళో పొలం గట్ల లాగా.

ఆరో తరగతి నాన్న

అందరికీ థాంక్స్. మొత్తం చదివి వినిపించాను. పటాల గారూ, రష్యా దీవి సంగతి వినగానే మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు, తర్వాత ‘అయితే ఆయన జవాబు కూడా తప్పు కాదులే’ అంది. మా ఇంట్లో ఇంతకన్నా పెద్ద ఒప్పుకోలు ఇంతవరకు లేదు.

ఆగలేక నిర్వాహకులకి ఫోన్ చేశాను. ఆయన మంచివాడే, పదిహేను నిమిషాలు విన్నాడు. కప్పు ఇచ్చేశాం కాబట్టి మార్కు మార్చలేం అన్నాడు. కానీ మీకు ఇన్ని సంగతులు తెలుసు కదా, వచ్చే ఏడాది క్విజ్ ప్రశ్నలు మొత్తం మీరే తయారుచెయ్యండి, పేరు రాసేసుకున్నాను అని పెట్టేశాడు.

డాలస్ బాబాయ్

పార్కింగే నయం కదా తమ్ముడూ.