అప్‌డేట్: హొసకోటె తోటలో ఎండుకంప తగలబెట్టొచ్చా అని అడిగింది నేనే

ఉండేది బెంగళూరులో, తోట హొసకోటె దగ్గర. కొబ్బరి మట్టలు, నీలగిరి ఆకు, లంటానా కంప గుట్టపడితే కాల్చొచ్చా అని అడిగాను. కాల్చలేదు.

పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే బహిరంగంగా చెత్త కాల్చడాన్ని దేశమంతటా నిషేధించింది. జరిమానా మామూలుగా 5,000 రూపాయలు, పెద్ద మొత్తమైతే 25,000. సొంత స్థలం కదా అని తెగించడం నాకు నచ్చలేదు. పైగా నీలగిరి ఆకులో నూనె ఉంటుంది, భగ్గుమంటుంది. గుట్ట మీదుగా కరెంటు తీగ కూడా పోతోంది.

పక్క తోట పెద్దాయన మాత్రం "ఒక్క అగ్గిపుల్ల పనికి ఇంత రాద్ధాంతమేంటయ్యా" అన్నారు. ఆయన ముందురోజు కాల్చిన చోట కర్రతో కెలికి చూశాను. పైన తెల్లటి బూడిద, వేలెడు లోతున ఎర్రటి నిప్పు! నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోశాకే చల్లారింది. ఆయనేమీ అనలేదు లెండి.

చివరికి మట్టలు ముక్కలు చేసే మెషిన్ అద్దెకు తెచ్చాం. ఆ పొట్టు మామిడి పాదుల్లో, మొదలుకు తగలకుండా పరిచాం. లావు కొమ్మలు పొయ్యికి. గింజ పట్టిన వయ్యారిభామ కలుపు మొక్కలను మాత్రం కంపోస్టులో వేయలేదు, విడిగా సంచుల్లో కట్టాం. వాటినేం చేయాలో ఎవరైనా చెబితే సంతోషం.