స్కూలు అయిపోయిన మా అబ్బాయి కోసం నాలుగు కుటుంబాలం కలిసి, పిల్లలు పనిచేసే చిన్న తయారీ యూనిట్ పెట్టాలనుకుంటున్నాం. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

కాకినాడ నాన్న

అందరికీ నమస్కారమండి. మా పెద్దబ్బాయికి 22 ఏళ్ళు, డౌన్ సిండ్రోమ్. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 75 శాతమని రాశారు. పద్దెనిమిదేళ్ళు నిండాక కూడా స్పెషల్ స్కూలు వాళ్ళని బతిమాలుకుని ఇంకో రెండేళ్ళు పంపాం. ఆ తర్వాత ఇంట్లోనే ఉంటున్నాడు.

స్కూలు వ్యాను ఎనిమిదిన్నరకి వచ్చేది. ఇప్పటికీ ఎనిమిదింపావుకల్లా స్నానం చేసి, బ్యాగు భుజానికి తగిలించుకుని గేటు దగ్గర నిలబడతాడండి. తొమ్మిది దాటాక వాళ్ళమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. రెండేళ్ళుగా ఇదే వరస.

బియ్యంలో రాళ్ళు ఏరతాడు, బట్టలు మడత పెడతాడు, కొబ్బరికాయ పీచు తీస్తాడు. అంకెలు మాత్రం ఏడు దాటితే తడబడతాడు. సుప్రీంకోర్టు ఆవరణలో, వైకల్యం ఉన్నవాళ్ళు నడిపే మిట్టీ కెఫే తెరిచిన వార్త 2023లో చూసినప్పట్నించీ నాకూ, మాలాంటి ఇంకో మూడు కుటుంబాలకూ ఒకటే ఆలోచన. మా ఇంటి వెనక రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. ఏం తయారుచేయిస్తే బాగుంటుంది? జీతం ఇవ్వాలా, లేక స్కూల్లోలా మేమే నెలకింతని కట్టుకోవాలా? మా బావగారైతే "నెలకి ఆరువేలు పింఛను వస్తోంది కదా, వాడిచేత పనేమిటి" అంటున్నారు. ఏం జవాబు చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

అల్వాల్ అమ్మ

అన్నయ్యగారూ, గేటు దగ్గర నిలబడే మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. మావాడికి 27. ఆటిజం ఉంది, మేధో వైకల్యమూ ఉంది. ఆరేళ్ళ కిందట ఐదు కుటుంబాలం కలిసి మా ఇంటి కింది పోర్షన్‌లో మొదలుపెట్టాం. ఇప్పుడు తొమ్మిది మంది పిల్లలు వస్తున్నారు. పిల్లలని నోటికి అలవాటైపోయింది గానీ అందరూ ఇరవై దాటినవాళ్ళే, పనిచేసి జీతం తీసుకుంటున్నవాళ్ళే.

ముందు మేం చేసిన తప్పు చెప్తాను, మీకు రెండేళ్ళు కలిసొస్తాయి. పిల్లలకి ఏది వస్తే అది చేయిద్దామనుకున్నాం. రంగులేయడం వచ్చు కాబట్టి ప్రమిదలకు రంగులేయించాం, తర్వాత పేపర్ కవర్లు చేయించాం. దీపావళికి ఒక పెద్ద ఆఫీసువాళ్ళు వచ్చి 400 ప్రమిదలు తీసుకున్నారు. పిల్లలతో ఫొటోలు దిగారు, స్వీట్లు పంచారు. డబ్బులు ఐదు నెలలకు వచ్చాయి. మరుసటి ఏడాది ఫోను చేస్తే ఎత్తనే లేదు. మిగిలిన ప్రమిదలు ఇప్పటికీ మా మెట్ల కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. జాలిపడి కొన్నవాళ్ళు ఒకసారి కొంటారు. అన్నంలో కలుపుకుని బాగుందనుకున్నవాళ్ళు పాకెట్ అయిపోగానే మళ్ళీ వస్తారు. అందుకే మా వంటావిడ చేతి కరివేపాకు పొడి, నువ్వుల పొడి, ఇడ్లీ కారం, ఈ మూడింటికి దిగాం. ఇప్పుడు నెలకు 900 పాకెట్ల దాకా పోతున్నాయి. సగానికి పైగా మా చుట్టుపక్కల అపార్టుమెంట్లలోనే. పాకెట్ మీద పిల్లల ఫొటో వేయలేదు. వేయమని చాలామంది చెప్పారు, నాకు మనసొప్పలేదు.

కాబట్టి ముందు అమ్ముడుపోయే వస్తువు ఏదో చూసుకోండి. ఆ తర్వాత దాన్ని చిన్న చిన్న పనులుగా విడగొట్టి, ఎవరికి ఏది నప్పుతుందో వెతకండి. అసలు కష్టమంతా ఇక్కడే ఉంది, అందులోని ఆనందమూ ఇక్కడే ఉంది.

మా తూకం సంగతే చెప్తా. మొదట ఎలక్ట్రానిక్ కాటా కొన్నాం. మావాడు పొడి వేస్తుంటే అంకె 97 అవుతుంది, 104 అవుతుంది, మళ్ళీ 99. ఆ అంకెలు మారుతుంటే వాడికి కంగారు. చెవులు మూసుకుని లేచి వెళ్ళిపోయేవాడు. వాడికి చేతకాదని మేమంతా అనేసుకున్నాం, నేను కూడా. అప్పుడు బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం ఉన్న జాతీయ సంస్థలో శిక్షణ పొందిన ఒక టీచరుగారు మాకు జపాన్‌లోని సుద్దముక్కల ఫ్యాక్టరీ గురించి చెప్పారు. కవాసాకి ఊళ్ళో నిహోన్ రికగాకు అని ఒక కంపెనీ. 1960లో స్పెషల్ స్కూలు నుంచి ఇద్దరమ్మాయిలను పనిలోకి తీసుకుంది. ఇప్పుడక్కడ పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది మేధో వైకల్యం ఉన్నవాళ్ళే. అంకెలు చదవడం రానివాళ్ళ కోసం డబ్బాకి ఏ రంగో తూకపు రాయికీ అదే రంగు వేశారట. ఎర్ర డబ్బాలో సరుకుకి ఎర్ర రాయి, నీలం డబ్బాకి నీలం రాయి. టైము చూడ్డం రానివాళ్ళకి ఇసుక గడియారం. అది విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఏళ్ళ తరబడి వాడికి అంకెలు నేర్పాలని చూశాను గానీ, అంకె అక్కర్లేకుండా పని ఏర్పాటు చేయొచ్చని నాకు తట్టనే లేదు.

మర్నాడే జనరల్ బజారుకు వెళ్ళి పాతరకం త్రాసు తెచ్చాను. ఒక పళ్ళెంలో వంద గ్రాముల రాయి, దానికి పచ్చరంగు వేసి పక్కనే ఒక ఖాళీ కవరు కూడా అంటించాం, కవరు బరువు సరిపోవాలి కదా. రెండో పళ్ళెంలో కవరు పెట్టి చెంచాతో పొడి పోయాలి. ముల్లు మధ్యలోకి రాగానే ఆపాలి. మావాడు ముల్లుని చూస్తూ చివర్లో చెంచా కొసతో చిటికెడు చిటికెడు వేస్తాడు. ముల్లు కదలడం ఆగేదాకా ఊపిరి కూడా బిగపడతాడు, ఆగాక "ఆఁ" అంటాడు. అప్పుడే కవరు తీస్తాడు. వంటావిడ చివర్లో ఎలక్ట్రానిక్ కాటా మీద ఒకసారి సరిచూస్తుంది, వందలో నాలుగైదుకి మించి తేడా రావు.

లెక్కపెట్టడమూ అంతే. వడ్రంగి చేత ఇరవై గళ్ళ చెక్క ట్రే చేయించాం. గడికో పాకెట్, ట్రే నిండితే ఇరవై. లేబుల్ వంకరపోకుండా అట్టముక్కకి కిటికీలా కన్నం కోశాం. సీలింగ్ మిషన్ దగ్గర ఒకమ్మాయి వేలు చురుక్కుమంది, అది నా అజాగ్రత్తే. ఇప్పుడు కాలితో తొక్కే మిషన్ వాడుతున్నాం, చెయ్యి వేడికి అందకుండా ముందు చెక్క అడ్డం ఉంటుంది. ఇంకొకమ్మాయికి మిక్సీ చప్పుడు పడదు. ఎన్ని చేసినా పడలేదు. ఆమెకి ఇంటికే కరివేపాకు పంపుతాం, ఆకు దూసి ఇస్తుంది. ఒక్క పుల్ల ఉండదు అందులో. వేయించడం, రుబ్బడం మాత్రం వంటావిడ పని. ఆమెకి మార్కెట్లో ఉన్న జీతం ఇస్తున్నాం, అక్కడ పొదుపు చూడకండి, వస్తువు పాడవుతుంది.

ఇక జీతం. ఇవ్వాలి అన్నయ్యగారూ. మొదటి నెల నుంచీ, వాళ్ళ చేతికే. మేం గంటకు 15 రూపాయలతో మొదలెట్టాం, ఇప్పుడు 40 ఇస్తున్నాం, రోజుకు నాలుగు గంటలు. తొమ్మిదిమందికీ ఒకటే రేటు, త్వరగా చేసినా మెల్లగా చేసినా. కనీస వేతనాన్ని ఇంకా అందుకోలేదు, అది నన్ను ముల్లులా గుచ్చుతూనే ఉంటుంది. అద్దె లేదు కాబట్టి, తల్లిదండ్రులం తలా వెయ్యి వేసుకుంటున్నాం కాబట్టి నడుస్తోంది. అది దాచి లాభాల కథ చెప్పను.

మొదటి నెల మావాడికి కవర్లో 720 రూపాయలు పెట్టి ఇచ్చాను. చొక్కా జేబులో పెట్టుకుని మూడురోజులు ఆ చొక్కా విప్పలేదు, ఉతకనివ్వలేదు. నాలుగోరోజు సందు చివర ఇనుప సామాన్ల కొట్టుకి నన్ను లాక్కెళ్ళి తాళంకప్ప చూపించాడు. కొనుక్కుని తన బీరువా అరకి వేసుకున్నాడు. తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. ఇరవై ఒక్కేళ్ళూ వాడి బట్టలు, వాడి బొమ్మలు, వాడి గది అన్నీ మేం ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరిచి సర్దినవాళ్ళమే. మీ బావగారికి ఇది చెప్పండి.

కాగితాల సంగతి: తినే వస్తువైతే ఆహారభద్రత రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. మేం తీసుకున్నప్పుడు ఏటా 12 లక్షల లోపు అమ్మకాలున్న చిన్నవాళ్ళకి ఏడాదికి 100 రూపాయలే. దానికంటే ముందు మీరు చేయాల్సింది గార్డియన్‌షిప్. నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద కలెక్టరుగారి అధ్యక్షతన జిల్లా కమిటీ ఇస్తుంది. పద్దెనిమిది దాటాక తల్లిదండ్రులమైనా చట్టప్రకారం మనం దానంతటదే గార్డియన్లం కాము. బ్యాంకు ఖాతా దగ్గర మాకు ఇదే అడ్డుపడింది. నిరామయ ఆరోగ్య బీమా కూడా అదే ట్రస్ట్‌ది, లక్ష రూపాయల దాకా. తప్పక తీసుకోండి.

రిటైర్డ్ స్పెషల్ టీచర్

అల్వాల్ అమ్మగారు చెప్పినదాంట్లో పొల్లు మాట లేదు. ఒక్క విషయంలో మాత్రం నాది వేరే అభిప్రాయం. యూనిట్ ఒక్కటే దారి అనుకోకండి బాబూ. నలుగురు పిల్లలూ నాలుగు కుటుంబాలూ ఒకే గదిలో ఉంటే కొన్నాళ్ళకి అది మళ్ళీ స్పెషల్ స్కూలైపోతుంది. మీవాడు పీచు తీస్తాడన్నారు. గుడి దగ్గర కొబ్బరికాయల కొట్టువాణ్ణి అడిగారా? బట్టలు మడతపెడతాడన్నారు, లాండ్రీవాళ్ళని అడిగారా? మొదటి నెల నేనో మీరో పక్కన నిలబడి నేర్పాలి, తర్వాత మెల్లగా ఒక్కో అడుగు వెనక్కి వేయాలి. లెమన్ ట్రీ హోటళ్ళలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళు మామూలు సిబ్బందితో కలిసి పనిచేస్తున్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ప్రభుత్వోద్యోగాలకు 4 శాతం రిజర్వేషన్ ఉంది, అందులో 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక వ్యాధి వంటివాటన్నిటికీ కలిపి. మన పిల్లలు ఆ పరీక్షల దాకా వెళ్ళడం అరుదు. కాబట్టి మన వీధి దుకాణాలే మనకు దిక్కు.

పని నేర్పేటప్పుడు ఒక పద్ధతి. మడతపెట్టడాన్ని పది మెట్లుగా రాసుకోండి. పదో మెట్టు ముందు నేర్పండి. తొమ్మిది మెట్లు మీరు చేసి, చివరిది వాడి చేత చేయించండి. పని పూర్తిచేసిన తృప్తి వాడికే దక్కాలి. అక్కడి నుంచి ఒక్కొక్కటీ వెనక్కి రండి.

క్యారీ నుంచి

మేం అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలో ఉంటాం. మా అమ్మాయికి డౌన్ సిండ్రోమ్, 24 ఏళ్ళు. ఇక్కడా ఇదే కథ. 22వ పుట్టినరోజు వచ్చేసరికి స్కూలు బస్సు రావడం మానేస్తుంది. మా రాష్ట్రంలోనే విల్మింగ్టన్‌లో 2016లో బిట్టీ అండ్ బోస్ కాఫీ షాపు మొదలైంది, డౌన్ సిండ్రోమ్ ఉన్న ఇద్దరు పిల్లల తల్లిదండ్రులు పెట్టారు. అక్కడికి తీసుకెళ్ళిన రోజు మా అమ్మాయి కాఫీ తాగలేదు, కౌంటర్ వెనకున్న అమ్మాయి వంకే చూస్తూ కూర్చుంది.

జీతం గురించి అల్వాల్ అక్కగారు బాధపడుతున్నారు, అది నిజాయితీ. ఇక్కడ 1938 నాటి కార్మిక చట్టంలో 14(సి) అనే సెక్షన్ ఒకటుంది. దాని కింద పర్మిట్ తీసుకున్నవాళ్ళు వైకల్యం ఉన్నవాళ్ళకి కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వొచ్చు. దాన్ని తీసేయాలని చాలా ఏళ్ళుగా పోరాటం నడుస్తోంది, కొన్ని రాష్ట్రాలు తీసేశాయి కూడా. "ఇప్పటికి తక్కువ, తర్వాత పెంచుదాం" అన్నది అలాగే ఉండిపోవడం నేను చూశాను. మీరు పెట్టేటప్పుడే ఏ ఏడాదికి ఎంత అన్నది కాగితం మీద రాసుకోండి.

కాకినాడ నాన్న

అందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నానండి. తాళంకప్ప సంగతి మా ఆవిడకి చదివి వినిపించాను. లేచి వెళ్ళి వాడి అలమర ముందు నిలబడింది.

టీచరుగారూ, ఇవాళ సాయంత్రం గుడి దగ్గర కొట్టాయన్ని అడిగాను. ముందు నవ్వాడు, తర్వాత "ఆదివారం తీసుకురండి, చూద్దాం" అన్నాడు. వెళ్తాం. యూనిట్ ఆలోచన కూడా వదలం, మిగతా మూడు కుటుంబాల్లో ఒకమ్మాయి వీల్‌చైర్‌లో ఉంటుంది, ఆమెకి కొట్లకి వెళ్ళే వీల్లేదు. కరివేపాకు మాకు చవగ్గానే దొరుకుతుంది. అల్వాల్ అమ్మగారూ, ఒక్కరోజు మీ దగ్గర కూర్చుని చూడొచ్చా? గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు చూస్తున్నాను. వాణ్ణి కూడా తీసుకురావాలని ఉంది, మీకు ఇబ్బంది లేకపోతేనే.

అల్వాల్ అమ్మ

ఇబ్బందేముంది, తప్పకుండా తీసుకురండి. బుధవారం అయితే మంచిది, కరివేపాకు వచ్చేది ఆ రోజే. పదింటికి మొదలవుతుంది, మీరు ముందే వచ్చి ఇంట్లో టిఫిను చేయండి. ఒక్క మాట: ఆయన్ని మీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టొద్దు, మేం ఆకు దూసే చాప మీదే చోటు ఇస్తాం. చేసినన్ని గంటలకి డబ్బు కూడా ఇస్తాం, వద్దనకండి.

బ్యాగు తగిలించుకునే రమ్మనండి. మా వాళ్ళందరి బ్యాగులూ తలుపు పక్కన కొక్కేలకి ఉంటాయి, మీ వాడికి ఒకటి ఖాళీ పెట్టమని మావాడికి చెప్పాను.