సీసీ జీరో బొమ్మల మూటలో కంపెనీ లోగోలు, కార్టూన్ పాత్రలు ఉండొచ్చా?

తెనాలి_డీటీపీ

మనమంతా కలిసి పోగుచేస్తున్న తెలుగు బొమ్మల మూట గురించి ఒక సంగతి తేల్చుకోవాలి. శుభలేఖలకు, ఫ్లెక్సీలకు, బడి పత్రికలకు పనికొచ్చేలా కలశాలు, పల్లకీలు, మామిడి తోరణాలు, బతుకమ్మలు ఎస్‌వీజీల్లో (ఎంత పెద్దవి చేసినా చెదరని గీతల ఫైళ్లలో) గీసి సీసీ జీరో కింద పెడుతున్నాం. ఎవరైనా, ఎందుకైనా వాడుకోవచ్చు, గీసినవాళ్ల పేరు కూడా వెయ్యక్కర్లేదు అని దానర్థం. ఈ నెల కొత్తగా వచ్చినవాటిని నిన్న రాత్రి కూర్చుని చూశాను. ఒక చెప్పుల కంపెనీ గుర్తు, ఒక కూల్‌డ్రింకు పేరు దాని అక్షరాల వంపులతో సహా, ఛోటా భీమ్ మొహం, బాపు గారి పెళ్లికూతురిని ట్రేస్ చేసిన గీతలు, తెల్లటి చదరంలో ఎర్ర క్రాస్, మూడు సింహాలు. అన్నిటి మీదా సీసీ జీరో చీటీయే. నన్నడిగితే ఇవన్నీ తీసెయ్యాలి.

ఎందుకంత పట్టుదల అంటే, నాకు ఒకసారి తగిలింది. నాలుగేళ్ల కిందట ఐస్‌క్రీం బండి పెట్టుకున్న ఒక కుర్రాడికి బోర్డు చేసిచ్చాను. ఉచిత బొమ్మల సైటు ఒకదానిలో 'పబ్లిక్ డొమైన్' అని రాసి ఉన్న పెంగ్విన్‌ను దించి, రంగు మార్చి పెట్టాను. బోర్డుకే కాదు, కప్పుల మీద స్టిక్కర్లకూ అదే. ఏడాది తిరక్కుండా వకీలు నోటీసు వచ్చింది. ఆ పెంగ్విన్ వేరే రాష్ట్రంలో ఐస్‌క్రీం అమ్మే కంపెనీ రిజిస్టర్ చేయించుకున్న గుర్తు. నోటీసు వచ్చింది నాకు కాదు, బొమ్మ ఎక్కించినవాడికీ కాదు, ఆ కుర్రాడికి. బోర్డు దించి, స్టిక్కర్లన్నీ పీకి, మళ్లీ కొట్టించుకున్నాడు. సగం ఖర్చు నేనే పెట్టుకున్నాను. అయినా నడి వేసవిలో మూడు వారాలు బండి ఆగిపోయింది.

మన మూటలోంచి బొమ్మ తీసుకునేవాడు చట్టం చదవడు. సున్నా గుర్తు చూసి మనల్ని నమ్ముతాడు.

ఇంక్‌స్కేప్_అభిమాని

అన్నా, మీకు జరిగినదానికి నిజంగా బాధగా ఉంది. కానీ ఆ ఒక్క దెబ్బతో కాపీరైట్‌నూ ట్రేడ్‌మార్కునూ ఒకే గాటన కట్టెయ్యకండి. రెండూ వేరు. కాపీరైట్ బొమ్మకు ఉంటుంది. ట్రేడ్‌మార్కు ఆ బొమ్మను సరుకుకు గుర్తుగా వాడటానికి ఉంటుంది. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం 29వ సెక్షన్ వ్యాపారంలో గుర్తును వాడటం గురించి చెబుతుంది, బొమ్మ ఒక ఫోల్డర్లో ఉండటం గురించి కాదు. మీ పెంగ్విన్ పిల్లల కథలో ఉంటే ఎవరూ అడిగేవారు కాదు. ఐస్‌క్రీం కప్పు మీదికి ఎక్కింది కాబట్టే నోటీసు వచ్చింది.

వికీపీడియాకు బొమ్మలిచ్చే వికీమీడియా కామన్స్ చూడండి. కేవలం అక్షరాలతో, గీతలతో ఉన్న లోగోలు అక్కడ బోలెడున్నాయి. కాపీరైట్ రావాలంటే కొంతైనా సృజన ఉండాలి, వట్టి అక్షరాలకు అది రాదు అని వాటిని ఉంచుతారు. పక్కనే 'ఇది ట్రేడ్‌మార్కు కావచ్చు, జాగ్రత్త' అని పలక పెడతారు. మనమూ అలా పలక పెడితే సరిపోదా? బడి పంతులు ప్రకటనల గురించి పాఠం చెప్పాలంటే లోగో కావాలి. విలేఖరికీ కావాలి. భయపడి తీసేస్తూ పోతే రేపు ఆపిల్ పండు బొమ్మ కూడా తీసెయ్యాలి.

తెనాలి_డీటీపీ

ఆపిల్ పండు ఎవరూ తియ్యమనలేదు తమ్ముడూ. పండును పండులా గీస్తే అది పండే. కుడిపక్క కొరికి, పైన ఒక ఆకు పెట్టి, నల్లగా నింపితే అది పండు కాదని నీకూ తెలుసు, గీసినవాడికీ తెలుసు.

పలక మాట కొస్తాను. పలక సైటులో ఉంటుంది, బొమ్మ మాత్రం అక్కడ ఆగదు. మా లైన్లో బొమ్మలు ఎలా తిరుగుతాయో చూసినవాడిని. ఒకప్పుడు సీడీల్లో, తర్వాత పెన్‌డ్రైవుల్లో, ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో. గుంటూరులో దించిన ఎస్‌వీజీ నరసరావుపేట చేరేసరికి 'డిజైన్ 47.సీడీఆర్' అయిపోతుంది. నువ్వు పెట్టిన పలక ఏ మజిలీలో ఊడిపోయిందో ఎవరికీ తెలియదు. కామన్స్ విజ్ఞాన సర్వస్వానికి బొమ్మలిచ్చే చోటు. మనది శుభలేఖకు, షాపు బోర్డుకు బొమ్మలిచ్చే చోటు. మన దగ్గరికి వచ్చేవాడు వచ్చేదే వ్యాపారంలో వాడుకోడానికి.

న్యాయవిద్యార్థి_హైదరాబాద్

ఇద్దరి మాటల్లోనూ పాయింటు ఉంది కానీ, సీసీ జీరో పత్రంలో ఏముందో ఒకసారి చూడండి. నాలుగో భాగంలో రెండు సంగతులు స్పష్టంగా రాశారు. మొదటిది, ఈ పత్రం వల్ల ట్రేడ్‌మార్కు హక్కులు గానీ పేటెంటు హక్కులు గానీ వదులుకున్నట్టు కాదు. రెండోది, ఆ బొమ్మ మీద వేరేవాళ్లకు హక్కులుంటే వాటిని తేల్చే బాధ్యత ఎక్కించినవాడు తీసుకోవడం లేదు. అంటే ఎక్కించినవాడు తనకున్నదే వదులుకోగలడు. లేనిది వదులుకుంటే ఒరిగేదేమీ లేదు. మన 1957 కాపీరైట్ చట్టం 21వ సెక్షన్‌లో కూడా రచయిత తన హక్కు వదులుకునే దారి ఉంది. 2012 సవరణ తర్వాత బహిరంగ ప్రకటనతో కూడా వదులుకోవచ్చు. అయితే అక్కడా వదులుకోవలసింది రచయితే. ఛోటా భీమ్ 2008 నుంచి టీవీలో ఉన్న పాత్ర, మన హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ వాళ్లది. దాన్ని ఇంకెవరో సున్నా కింద పెట్టడం, పక్కింటివాళ్ల స్థలాన్ని మనం దానపత్రం రాసివ్వడం లాంటిది.

తెనాలి అన్నగారికి ఒక ఊరట. కాపీరైట్ విషయంలో 55వ సెక్షన్ ఉంది. హక్కు ఉందని తెలియకుండా, తెలుసుకోడానికి కారణం కూడా లేకుండా వాడినవాడి మీద నష్టపరిహారం పడదు. ఆపమని ఉత్తర్వు, వచ్చిన లాభంలో కొంతో అంతా ఇమ్మనడం, అంతవరకే. కానీ ఛోటా భీమ్‌ను చూసి 'ఎవరిదో తెలియదు' అంటే ఏ జడ్జీ నమ్మడు.

ఎర్ర క్రాస్, మూడు సింహాల సంగతి వేరే. అవి కాపీరైటూ కాదు, ట్రేడ్‌మార్కూ కాదు. తెల్లటి నేల మీద సమానమైన చేతులున్న ఎర్ర క్రాస్‌ను కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎవరూ వాడకూడదని 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం చెబుతోంది. డాక్టర్ల విజిటింగ్ కార్డుల మీద, మందుల షాపుల మీద మనం రోజూ చూస్తాం కాబట్టి తప్పు కాదనుకుంటాం. మూడు సింహాల రాజముద్రకైతే 2005లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. ఈ రెండింటికీ పలక పెట్టినా ప్రయోజనం లేదు.

ముగ్గుల_పిన్ని

చట్టాలు నాకు తెలియవు నాయనా, కానీ బాపు గారి బొమ్మ తీసెయ్యాలంటే మనసొప్పలేదు. మా పెళ్లి శుభలేఖ మీదా, మా అమ్మాయి శుభలేఖ మీదా ఆయన గీసిన వాలుజడే. అది తెలుగువాళ్లందరి ఆస్తి కాదా?

తెనాలి_డీటీపీ

పిన్నిగారూ, మీ అంత ప్రేమ నాకూ ఉంది. నేను మౌసు పట్టిందే ఆ గీత చూసి. కానీ ప్రేమ ఉన్నచోటే మరింత జాగ్రత్త పడాలి. బాపు గారు పోయింది 2014లో. చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది, అంటే 2074 చివరిదాకా అది ఆయన వారసులదో, ఆయన రాసిచ్చినవాళ్లదో. వడ్డాది పాపయ్య గారు 1992లో పోయారు, ఆయనవి 2052 దాకా. అదే రాజమండ్రి దామెర్ల రామారావు గారు 1925లోనే పోయారు, ఆయన బొమ్మలు ఎవరైనా వాడుకోవచ్చు. రవివర్మ గారివీ అంతే. వాటిని తీసుకుని మనం చక్కగా గీద్దాం.

వాలుజడ ఎవరి సొత్తూ కాదు. పెద్ద కళ్లు, సన్నని నడుము, బారెడు జడ మీరు మీ చేత్తో గీస్తే అది మీది. ఆయన శుభలేఖ మీద కాగితం పెట్టి గీసింది మాత్రం ఆయనదే.

ఇంక్‌స్కేప్_అభిమాని

ట్రేస్ చేసినవి, కార్టూన్ పాత్రలు తీసేద్దాం, ఒప్పుకుంటున్నాను. క్రాస్, సింహాలు కూడా. నిజానికి క్రాస్ సంగతి నాకు ఇవాళే తెలిసింది. కానీ లోగోల దగ్గర మాత్రం నేను ఇంకా అక్కడే ఉన్నాను.

కాపీరైట్ అయిపోయాక కూడా ట్రేడ్‌మార్కు మిగిలే ఉంటుంది కదా. 1928 నాటి మొదటి మిక్కీ మౌస్ సినిమాకు అమెరికాలో 2024 జనవరి 1న కాపీరైట్ ముగిసింది. ఆ రూపాన్ని అక్కడ ఎవరైనా గీయొచ్చు, కానీ డిస్నీ సరుకేమో అనిపించేలా వాడకూడదు. ట్రేడ్‌మార్కు ఉన్న ప్రతిదాన్నీ సేకరణల్లోంచి తీసెయ్యాలంటే కాపీరైట్ తీరిన బొమ్మలు కూడా జనానికి అందవు. అది నాకు పెద్ద నష్టం అనిపిస్తుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే గొడవ జరిగింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కోడ్ స్వేచ్ఛే, పేరూ లోగో మాత్రం మొజిల్లావి. అందుకే డెబియన్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు 2006లో తమ దాంట్లో ఆ బ్రౌజర్ పేరు మార్చి ఐస్‌వీజిల్ అని పెట్టుకున్నారు, 2016లో గానీ మళ్లీ ఫైర్‌ఫాక్స్ అనలేదు. పదేళ్లు పట్టినా కూర్చుని తేల్చుకున్నారు. మనమూ లోగోలకు వేరే ఫోల్డర్ పెట్టి, ఎస్‌వీజీ లోపలే మెటాడేటాలో (ఫైలు గురించిన వివరాలు ఉండే చోట) హెచ్చరిక రాద్దాం.

తెనాలి_డీటీపీ

మేం డిజైన్లు చేసే కోరల్‌డ్రాలోకి తెచ్చి మళ్లీ సేవ్ చేశాక నీ మెటాడేటా మిగులుతుందో లేదో నువ్వే ఒకసారి చేసి చూడు. మా షాపులో ప్రూఫ్ పోయేది జేపీజీగా.

డెబియన్ వాళ్లు చేసింది నా వాదనకే దగ్గరగా ఉంది. స్వేచ్ఛ లేని గుర్తును స్వేచ్ఛా మూటలో పెట్టలేదు, పక్కన పెట్టి తమ పేరు తాము పెట్టుకున్నారు. లోగోలు కావాలంటే వేరే మూట కట్టు, వేరే పేరుతో, దాని మీద సున్నా గుర్తు లేకుండా. నేను అడ్డు చెప్పను. ఈ మూటలో మాత్రం వద్దు.

న్యాయవిద్యార్థి_హైదరాబాద్

వేరే మూట అయితే నాకు అభ్యంతరం లేదు. ఒక చిన్న మాట. పోచంపల్లి ఇక్కత్ నమూనాలు కూడా తీసెయ్యాలని నిన్న ఎవరో అడిగారు. భౌగోళిక గుర్తింపు (ఫలానా ఊరి సరుకుకు ఆ ఊరి పేరు మీద చట్టం ఇచ్చే హక్కు) రక్షించేది చీరకు పెట్టే ఆ పేరును. చౌకడీల అంచు గీసి మూటలో పెట్టడానికి అడ్డేమీ లేదు. ఇప్పటి డిజైనర్ ఎవరిదైనా ప్రత్యేకమైన అల్లికను మక్కీకి మక్కీ దించకపోతే చాలు.

ముగ్గుల_పిన్ని

అయితే నా సందేహం కూడా తీర్చండి. నేను పంపిన ముగ్గుల్లో పదిహేను మా అమ్మ నోటుపుస్తకంలోవి. నాలుగు మాత్రం పాత వారపత్రిక సంక్రాంతి సంచికలో చూసి వేసినవి. పెద్ద రథం ముగ్గు ఎవరిదో ఆ పత్రికలో పేరు కూడా ఉంది. చుక్కల ముగ్గులకు ఎవరి హక్కూ ఉండదనుకుని పంపేశాను.

తెనాలి_డీటీపీ

చుక్కలు పెట్టి మెలికలు తిప్పే పాత ముగ్గులు అందరివీ పిన్నిగారూ. పేరు వేసిన రథం ముగ్గు మాత్రం పక్కన పెడదాం. ఆవిడ చిరునామా దొరికితే నేనే ఉత్తరం రాసి అడుగుతాను, ఇస్తే ఆవిడ పేరుతోనే పెడదాం. మిగతా మూడింటి పక్కన పత్రికలో పేరు ఉందేమో చూసి చెప్పండి. ఎర్ర క్రాస్ తీసిన చోట ఈ రాత్రికి స్టెతస్కోపు గీసి ఎక్కిస్తున్నాను.